రాగిపలక - ఇంటిచేత

పరీక్షల దినములు సమీపించెనా, మన నగరమున ఇంజనీరింగు విద్యార్థులకు సిద్ధముగా కట్టియుంచిన 'ప్రాజెక్టు'లు అమ్మకమునకు వచ్చును. మూల్యము చెల్లించి, పైన తన పేరంటించుకొని, పరీక్షకుల యెదుట దీపము వెలిగించి చూపినచో మార్కులు లభించును. ఆ దీపమేల వెలుగుచున్నదని అడిగినచో బదులుండదు. ఇట్టి పట్టభద్రులతోడనే ఎలక్ట్రానికు పరిశ్రమను నిలబెట్టుదుమని సభలలో చెప్పుకొనుచున్నాము!

ఎలక్ట్రానికు విడిభాగముల ఉత్పత్తికై కేంద్రప్రభుత్వము 2025 మార్చిలో 22,919 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. సర్క్యూటు బోర్డులును అందు చేరియున్నవి. మేము స్వాగతించుచున్నాము. ధనముతో యంత్రములు వచ్చును. ఆ యంత్రముల చెంత నిలువవలసిన బాలురు మాత్రము ఇండ్లనుండియే రావలెను. అందులకు మాకు తోచిన మార్గము మిక్కిలి చిన్నది. పాతబస్తీ విద్యార్థి తన డాబాపై ఒక ప్లాస్టికు పళ్లెములో ఆరంభింపదగినది.

సర్క్యూటు బోర్డనగా విద్యుత్తు నడచుటకు రాగిబాటలు వేసిన పలక. గాజునార పలకపై అంటించిన రాగిపొర మందము సాధారణముగా 35 మైక్రాన్లు. కావలసిన బాటలను సిరాతో కప్పి, తక్కిన రాగిని ద్రావకముచే కరగించుటయే పని. వియన్నా వాస్తవ్యుడగు పాల్ ఐస్లర్ 1936లో లండను చేరి ఈ మార్గమును త్రొక్కెను. అచ్చుపనివారికిది వింత గాదు. ఆఫ్‌సెట్టు రాకపూర్వము పత్రికలలోని బొమ్మల దిమ్మెలను తుత్తునాగపు రేకును ఆమ్లముచే తినిపించియే చేసెడివారు. బిదరీ పనివారికి అంతకన్నను వింత గాదు. 1956 వరకు హైదరాబాదు రాజ్యమునందుండిన బీదరులో, కోటమట్టియు నవాసారమును కలిపిన పూతచే తుత్తునాగపు పాత్ర నల్లబడును, పొదిగిన వెండి తెల్లగనే మిగులును. రసాయనము ఒకదానిని పట్టి మరొకదానిని విడుచునను రహస్యమును ఈ సీమ కళాకారులు శతాబ్దములుగా నెరుగుదురు.

క్రొత్తవాడు ఒక దీపము, రెండు ట్రాన్సిస్టర్లు గల చిన్న సర్క్యూటు నెన్నుకొనుట మేలు. రాగిపై వ్రేలిజిడ్డు అంటియున్నను పని చెడును. స్టీలుపీచుతో మెరయువరకు తోమవలెను. బాటలను చెరగని మార్కరుతో గీయవచ్చును. లేదా నునుపుకాగితముపై లేజరు ప్రింటరుతో అచ్చువేసి, ఇస్త్రీపెట్టెతో రాగిపై కంటింపవచ్చును. అట్లు చేయునపుడు కాగితముపై బొమ్మ అద్దములోవలె తిరుగబడి యుండవలెను. లేనిచో కుడి యెడమలు తారుమారగును. ఫెర్రిక్ క్లోరైడును నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెను, కరగునపుడు వేడి పుట్టును గనుక. లోహపాత్రలు పనికిరావు. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు, గాలి తగులు చోటు - వీనిలో దేనిని విడువరాదు. పళ్లెమును మెల్లగా ఊపుచుండగా పావుగంటకో అరగంటకో రాగి కరగి పలక బయటపడును. తొందరపడి తీసినచో బాటల నడుమ రాగి మిగులును; మరచి విడిచినచో ద్రావకము సిరా క్రిందికి దూరి బాటలనే కొరుకును. తీయవలసిన గడియ ఏ పుస్తకమునందును దొరకదు.

నమూనాను చీనా కర్మాగారమునకు పంపినచో కొద్ది డాలర్లకే ఐదు చక్కని బోర్డులు వచ్చుచుండగా ఈ మరకల పని యేల యని కొందరందురు. ఆక్షేపణ బలమైనదే. ఇంటి బోర్డు రంధ్రములలో రాగిపూత యుండదు, మిక్కిలి సన్నని బాటలు నిలువవు, అమ్మకమునకది తగదు. దానిని అమ్ముకొని బ్రతుకుమని మేమును చెప్పుట లేదు. ఉదయము కనుగొన్న తప్పును సాయంకాలమునకు దిద్దుకొను సౌకర్యము ఇంటి బోర్డుకే కలదు. సన్నని బాట యేల వేడెక్కునో, యెడము చాలక రెండు బాటలేల కలిసిపోవునో తన చేతి పలకపై చూచినవాడు కర్మాగారమునకు నమూనా పంపునపుడు ఆ తప్పులు చేయడు.

మా భయము వేరు. వాడిన ద్రావకములో కరగిన రాగి యుండును. అది చేపలకు విషము. పాతబస్తీ మురుగుకాలువల నీరు చేరునది మూసీనే. ఒక్క గ్లాసుడే గదా యని పారబోయు అలవాటును మొదటి దినముననే మాన్పింపవలెను. ద్రావకమును పలుమారులు వాడుకొనవచ్చును. బలము తగ్గిన పిమ్మట చాకలిసోడాను మెల్లమెల్లగా కలిపినచో నురుగెత్తి, రాగియు ఇనుమును మడ్డిగా దిగును. ఆ మడ్డిని సీసాలో భద్రపరుపవలెను. భద్రపరచి యెవరి కీయవలెను? ఇచ్చటనే మన యేర్పాటు లోపించినది.

2023 మార్చిలో ప్రభుత్వము రాయదుర్గమున టీ-వర్క్స్‌ను ప్రారంభించినది. నమూనాలు చేయుటకు కావలసిన యంత్రములు అచ్చట కలవు. కాని శాలిబండ, యాకుత్‌పురా బాలురకు అది నగరపు ఆవలి కొస. సిటీ కళాశాల మూసీ యొడ్డుననే యున్నది. అందు గాని, పాతబస్తీలోని మరియొక ప్రభుత్వ విద్యాలయమున గాని ఒక గది, గాలిని బయటకు త్రోయు పంకా, రెండు చిన్న డ్రిల్లులు, మూతగల పీపా ఒకటి ఏర్పరచుటకు కోట్లు అక్కరలేదు. కోఠీ గుజరాతీగల్లీలో ఎలక్ట్రానికు సామగ్రి అమ్ము వర్తకులును కలిసి, వాడిన ద్రావకమును తిరిగి గైకొనుటకు అట్టి పీపానే యుంచవలెను. కాలుష్య నియంత్రణ మండలివారు నెల కొకమారు ఆ రెండు పీపాలను ఎత్తించుకొని పోవలెను. విద్యాశాఖవారును మండలివారును ఒకచోట కూర్చుండి, కళాశాలలు తెరచు లోపల ఇందులకు తేదీ నిర్ణయింపవలెనని కోరుచున్నాము.