థైరాయిడ్ తీసేసే ముందు ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి

రిపోర్టులో థైరాయిడ్ హార్మోన్ టీ4 ఎక్కువ. గుండె దడ, మెడ దగ్గర కాస్త వాపు. హైపర్‌థైరాయిడ్ అనేస్తారు, రేడియో అయోడిన్‌తోనో ఆపరేషన్‌తోనో గ్రంథిని లేకుండా చేద్దామంటారు. ఆగండి. అదే కాగితంలో టీఎస్‌హెచ్ చూడండి. టీ4 పెరిగితే అది అడుగంటాలి. అడుగంటలేదా, తప్పు థైరాయిడ్‌ది కాకపోవచ్చు.

హార్మోన్ రక్తంలో ఉంటే చాలదు, కణాల్లోని రిసెప్టర్ దాన్ని అందుకోవాలి. మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో, కాలేయంలో బీటా రిసెప్టర్‌ది పెత్తనం. గుండెలో, ఎముకల్లో ఆల్ఫాది. బీటా జన్యువు చెడితే హార్మోన్ చాలినంత ఉన్నట్టు పిట్యూటరీకి తెలియదు. ఇంకా చెయ్యమని టీఎస్‌హెచ్ పంపి థైరాయిడ్‌ను తరుముతూనే ఉంటుంది. ఆల్ఫా బాగున్న గుండె ఆ అదనానికి దడదడలాడుతుంది. ఒకే ఒంట్లో ఒకచోట కరువు, మరోచోట వరద.

డాక్టర్ శామ్యూల్ రెఫెటాఫ్, ఆయన సహచరులు 1967లో ఈ జన్యు లోపాన్ని మొదట వివరించింది ఒకే ఇంటి తోబుట్టువుల్లో. వాళ్ల తల్లిదండ్రులు రక్తసంబంధీకులు. మేనరికాలు ఎరిగిన మనకు ఇది పట్టాల్సిన సంగతే. అయితే ఎక్కువ కుటుంబాల్లో తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి చెడిన జన్యువు వచ్చినా చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. సుమారు 40,000 మందిలో ఒకరికని అంచనా. అరుదే, కానీ తీసేసిన గ్రంథి తిరిగి రాదు. ఆ తర్వాత సరైన మోతాదు తేల్చడం డాక్టర్లకే తలనొప్పి. నిజానికి వీళ్లలో చాలామందికి ఏ మందూ అక్కర్లేదు.

కాబట్టి మా డిమాండ్: టీఎస్‌హెచ్ తగ్గనివాళ్ల విషయంలో, అమ్మానాన్నల, తోబుట్టువుల టీ4 చూడకుండా ఎవరూ గ్రంథి జోలికి పోకూడదు. అమ్మ గుంటూరులో ఉంటే అక్కడే పరీక్ష చేయించి రిపోర్టు వాట్సాప్‌లో తెప్పించుకోవచ్చు. ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే పిట్యూటరీలో గడ్డ ఉందేమో వెతకాలి. జన్యు పరీక్ష ఖర్చును ఇన్సూరెన్స్ కంపెనీలు పేచీ పెట్టకుండా భరించాలి.

ల్యాబ్‌లకూ ఒక మాట. జుట్టు కోసం మింగే బయోటిన్ కొన్ని పరీక్షల్లో టీ4ను ఉన్నదానికన్నా ఎక్కువగా, టీఎస్‌హెచ్‌ను తక్కువగా చూపి, థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి అనిపిస్తుంది. రోజుకు 30 మైక్రోగ్రాములు చాలిన చోట 10,000 మైక్రోగ్రాముల మాత్రలు అమ్ముతున్నారు! పరీక్షల్ని బయోటిన్ తారుమారు చేస్తుందని ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రక్తం తీసే ప్రతి ఫారం మీదా బయోటిన్ వాడుతున్నారా అన్న ప్రశ్న ఉండాలి. మీరూ పరీక్షకు రెండు రోజుల ముందే మాత్ర ఆపండి.

నిజంగా గ్రేవ్స్ అని తేలినవాళ్లు మాత్రం ఈ కాగితం చూసి మందు మానొద్దు. అక్కడ యాంటీబాడీలు థైరాయిడ్ మీది టీఎస్‌హెచ్ రిసెప్టర్‌నే పట్టి ఆడిస్తాయి, రక్తపరీక్షలో అవి బయటపడతాయి.

తెలుగు సంఘాల పెద్దలారా, మీ హెల్త్ క్యాంపుల్లో బీపీ చూసే బల్ల పక్కనే ఈ కరపత్రం పెట్టండి.