అవార్డు టీవీలో వచ్చేసరికి పాట పాతదైపోతోంది

మొన్న పండక్కి పుంగనూరు వెళ్లాను. టీవీలో ఏదో అవార్డ్స్ ఫంక్షన్ వస్తోంది. యాంకర్ బెస్ట్ సింగర్ ఎవరో చెప్పకముందే మా అవ్వ పేరు చెప్పేసింది. "నీకెట్లా తెలుసు అవ్వా?" అంటే, "ఫోన్‌లో ఎప్పుడో చూసినాను లే నాయనా" అంది.

నా దృష్టిలో అసలు సమస్య ఇదే. మన ఫంక్షన్లు చాలావరకు ఒకరోజు జరుగుతాయి, ఎడిటింగ్ అయ్యాక ఎప్పుడో టీవీకి వస్తాయి. ఈలోపు విన్నర్స్ లిస్ట్, డ్యాన్సులు, స్పీచ్‌లు అన్నీ రీల్స్‌లో తిరిగేసి ఉంటాయి. ఇంక సెట్‌టాప్ బాక్స్ ఎందుకు ఆన్ చేస్తాం?

లైవ్ ఇస్తే చాలా అంటే, అదీ కాదు. అమెరికాలో గ్రామీ అవార్డ్స్ లైవ్‌లోనే వస్తాయి. విట్నీ హ్యూస్టన్ చనిపోయిన మర్నాడే జరిగిన 2012 షోని దాదాపు 4 కోట్ల మంది చూశారు. 2021లో 88 లక్షలే! 2024లో కాస్త కోలుకున్నా, కోటి 69 లక్షల దగ్గరే ఆగింది. జనం పాటలు వినడం మానలేదు, స్క్రీన్ మార్చారంతే. అందుకే ఆస్కార్ కూడా 2029 నుంచి యూట్యూబ్‌కి వెళ్తోంది.

"పోతే పోనీ, క్లిప్స్ చాలు కదా" అంటాడు కుప్పంలో ఉండే మా ఫ్రెండ్. నేను ఒప్పుకోను. 2023 మార్చి 13 పొద్దున మదనపల్లె కాలేజీ క్యాంటీన్‌లో ఒక్క ఫోన్ చుట్టూ ఎనిమిది తలలు పెట్టి 'నాటు నాటు'కి ఆస్కార్ రావడం చూశాం. కీరవాణి పక్కన చంద్రబోస్ నిలబడి "నమస్తే" అన్నారు. పాట రాసినాయన్ని మాలో సగం మంది సరిగ్గా చూసింది ఆరోజే. రీల్స్ అల్గారిథమ్ హీరో డ్యాన్స్ చూపిస్తుంది గానీ, లిరిక్ రైటర్‌ని వెతికి తెచ్చి చూపించదు. మొత్తం షో చూసేవాళ్లు పోతే, మొదట కనబడకుండా పోయేది వాళ్లే.

కాబట్టి ఆర్గనైజర్లకి నా రిక్వెస్ట్ సింపుల్. జరిగేరోజే యూట్యూబ్‌లో లైవ్ పెట్టండి. ప్రతి అవార్డుకీ చాప్టర్ మార్క్ ఇవ్వండి. లిరిక్ రైటర్, సౌండ్ ఇంజనీర్ స్పీచ్‌లు కట్ చేయకండి. టీవీకి తర్వాత ఇచ్చుకోండి, ఎవరూ కాదనరు. మా అవ్వ అయితే ఫోన్‌లోనే చూస్తుంది, రీఛార్జ్ నేను చేయిస్తా!