రిపోర్టు కొనకండి, అమ్మాయిని అడగనివ్వండి

మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి ఏడాది పూర్తయిన పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటుంది. 180 గంటలు ఊళ్లోకి వెళ్లి, జనాన్ని కలిసి, ఒక సమస్యని అర్థం చేసుకుని రిపోర్టు రాయాలి. కానీ చాలా ఇళ్లల్లో వినబడే మాట వేరు. "ఎండల్లో ఆడపిల్ల ఇల్లిల్లూ తిరగడమేంటండీ, డబ్బులిస్తే రిపోర్టు రెడీగా దొరుకుతుంది కదా!"

దొరుకుతుంది. అమ్మాయికి మాత్రం ఏమీ దొరకదు.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని కాబట్టి నాకు గుర్తొచ్చే ఉదాహరణ భాషదే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలు సేకరించి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. ఆ మాటలు రైతుల నోళ్లలో ఉన్నాయి. అడిగితేనే పుస్తకంలోకి వచ్చాయి.

మన అన్నవరంలోనే చూడండి. సత్యదేవుడి ప్రసాదం ఆకు పొట్లంలో ఇస్తారు. ఆ ఆకు ఎక్కణ్ణించి వస్తుంది? కోసి కట్టలు కట్టే మనిషికి ఎంత ముడుతుంది? ఏ నెలల్లో కరువు? ఈ ప్రశ్నలకి ల్యాబు అక్కర్లేదు, ఓపిక చాలు. పైగా మగపిల్లాడు అడిగితే గుమ్మం దగ్గర ఆగిపోయే కబురు, ఆడపిల్ల అడిగితే వంటింటిదాకా వస్తుంది.

భయం నిజమే, కాదనను. ఇద్దరు ముగ్గురు కలిసి పొద్దున్నే వెళ్లమనండి. మొదటిరోజు మనమూ తోడు వెళ్దాం. ఎందుకు అడుగుతోందో ముందే చెప్పాలి, ఎవరైనా చెప్పనంటే వదిలేయాలి. 20 ఇళ్లకి వెళితే 20 అనే రాయాలి, 100 అని కాదు. పరిశోధనంటే ముందు ఈ నిజాయితీయే.

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలతో కలిసి విద్యార్థులకి వేసవి పరిశోధన ఫెలోషిప్పులిస్తుంది. ఎంపికైతే సుమారు రెండు నెలలు శాస్త్రవేత్త దగ్గర పని, భత్యం కూడా. అయితే ఏం చేయాలనుకుంటోందో దరఖాస్తులో రాయాలి. కొన్న రిపోర్టుతో డిగ్రీ గట్టెక్కిన పిల్లకి అక్కడ సొంత మాట ఎక్కణ్ణించి వస్తుంది?

ఈ వేసవిలో ఏ అమ్మాయైనా కాగితాలు పట్టుకుని మీ గుమ్మంలోకొస్తే "ఖాళీ లేదు" అనకండి. కూర్చోబెట్టి గ్లాసుడు మజ్జిగివ్వండి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ పిల్ల చదువులో మన వాటా అదే.