గిటారు సాతానుదా?

గిటారు మోగితే చాలు సాతాను సంగీతమనే బోధను మేము ఒప్పుకోము. అమెరికా రాక్ బృందం ‘ది బర్డ్స్’ పాటల్లో ఏది మేలైనదని కార్వాన్‌లో ఉంటున్న మన యౌవనస్థులు అడుగుతున్నారు. 1965 నాటి ‘టర్న్! టర్న్! టర్న్!’ అంటాము, అదే పేరుగల ఆల్బమ్‌తో సహా. ప్రసంగి 3వ అధ్యాయానికి పీట్ సీగర్ బాణీ కట్టి, చివర శాంతి కోసం ఒక మాట చేర్చాడు. బర్డ్స్ పాడగా అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ప్రతిదానికీ ఒక కాలముందని, ఒకప్పుడు గోల్కొండ వజ్రాల వర్తకులు తిరిగిన కార్వాన్‌లో వేరే చెప్పాలా? 150వ కీర్తన తంతివాద్యాలను, తాళాలను స్తుతికి పిలుస్తోంది. మరి గిటారు పట్టిన బిడ్డను మందిరం బయట నిలబెట్టడానికి మనమెవరం? పాటలోని మాటను వాక్యంతో పరీక్షించండి. బిడ్డను మాత్రం లోపలికి పిలవండి.