పెరటి చెట్లు - పక్షులు

పెరటిచెట్టు మందునకు పనికిరాదని సామెత. పక్షుల విషయమున ఈ మాట చెల్లదు. పిచ్చుక, గోరువంక, పిగిలిపిట్ట మొదలగునవి ఆహారమునకై అరణ్యములు వెదకికొనుచు పోజాలవు. మన యింటి వెనుకనున్న నాలుగు చెట్లే వానికి అన్నమును, ఆశ్రయమును.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకొనిపడినది. హుద్‌హుద్ అనగా అరబ్బీ భాషలో, తలపై విసనకఱ్ఱ వంటి జుట్టు గల యొక పక్షి. ఒమాన్ దేశము సూచించిన పేరది. పక్షిపేరు పెట్టుకొని వచ్చిన గాలి పక్షుల గూళ్లనే పెఱికివేసినది! లెక్కకు మించిన వృక్షములు నేలగూలినవి. పిమ్మట నగరమును మరల పచ్చన చేయుటకు జరిగిన కృషి మెచ్చదగినదే. కాని త్వరగా ఎదుగవలెనను తొందరలో పలుచోట్ల ఏడాకులపాల చెట్లనే వరుసగా నాటిరి. అది మన దేశపు చెట్టే. చక్కని నీడ నిచ్చును. కాని దానికి కండగల పండు లేదు. కాయలు సన్నని తాళ్లవలె వ్రేలాడి, పగిలి, నూగుగింజలను గాలికి వదలును. ఆకొన్న కోయిలకు అందేమున్నది?

చెట్టును ఎన్నుకొనునప్పుడు దీనిని తినువారెవరని మొదట అడుగవలెనని నా అభిప్రాయము. ఎండకాలము ముదిరి వానలు పడువేళకు వేప, నేరేడు పండును. వేపపండన్న కోయిలకును, పిగిలిపిట్టకును ప్రీతి. మేడి ఏడాదిలో పలుమార్లు కాయును. మేడిపండులో పురుగులని లోకము వెక్కిరించును గాని, ఆ చెట్టు పూవులు పండులోపలనే దాగియుండును. వానికి పరాగము చేర్చునది ఆ చిన్న కందిరీగయే. మఱ్ఱి, రావి పక్షులకు పెద్ద సత్రములు. ఐనను వాని వేళ్లు గోడలను చీల్చును గనుక చెఱువుగట్టున, బడిమైదానమున నాటుట యుక్తము. నేరేడుపండు రాలి గచ్చు నల్లబడునని చెట్టునే కొట్టించు గృహస్థుల మాట నాకెన్నడును రుచింపలేదు. చీపురుకట్టతో తీరు పనికి గొడ్డలి యేల?

ఉక్కునగరపు ఇండ్ల వెనుకనున్నంత స్థలము పట్టణమున అందఱికిని లేదు. కుండీయే గతియైనవారు మందారము పెంచవచ్చును. ముద్దమందారము కంటె రేకమందారము మేలు. తేనెపిట్ట ముక్కునకు తేనె సులభముగా అందును. కొద్దిపాటి మట్టినేల యున్నచో కరివేప నాటుడు. దాని నల్లని పండ్లను పక్షులు తినును. ఆకులపై గొంగళిపురుగులు కనబడగనే మందు చల్లువారు కలరు. పిచ్చుక గింజలు తినునదే యైనను, తన పిల్లలకు మాత్రము పురుగులనే ఏరి తెచ్చి పెట్టును. మందు చల్లిన పెరటిలో అది పిల్లల నెట్లు సాకును? నాలుగాకులు పోయినంత మాత్రమున మన చారు రుచి తప్పదు.

రామచిలుక 2018లో మన రాష్ట్రపక్షి యైనది. పాఠమున ఆ మాట వల్లించుచు, జామచెట్టు కడ చిలుకను ఱాళ్లతో తఱుముట విడ్డూరము గదా! దానికి పండు మాత్రమే చాలదు. గ్రుడ్లు పెట్టుటకు తొఱ్ఱ కావలెను. కంసాలిపిట్ట యైతే ఎండుకొమ్మను తానే తొలిచికొనును. కావున ఇంటిపైకిని, బాటపైకిని ఒఱగని ఎండుకొమ్మను చూచినప్పుడు, అందములేదని వెంటనే కొట్టింపక, గ్రుడ్లుపెట్టు కాలము గడచువఱకైనను ఉండనిండు.