‘దిగుతుందిలే’ అని ఎన్నాళ్లు ఆగుతారు?

రెజిమెంటల్ బజార్ పాత ఇళ్లలో ఇప్పటికీ పసివాళ్లకు స్నానం చేయించేది అమ్మమ్మో నాయనమ్మో. పీట మీద కూర్చుని, బిడ్డను చాపిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోస్తారు. పిల్లల డాక్టరుగా చెబుతున్నాను, మగపిల్లాడికి రెండు బీజాలూ కిందికి దిగాయో లేదో చూడటానికి అంతకన్నా మంచి వేళ లేదు. ఒళ్లు వెచ్చబడి వదులవుతుంది, ఆ చేతులంటే పసివాడికి బెదురుండదు. నా క్లినిక్‌లో ఏసీ చలికి పైకి ముడుచుకుపోయే బీజం ఆవిడ చేతికి ఇట్టే దొరుకుతుంది.

మరి ఆవిడ గమనించిన సంగతి ఎక్కడ ఆగిపోతోంది? కొంత సిగ్గు దగ్గర, కొంత ‘పెద్దయితే అదే దిగుతుందిలే’ దగ్గర. ఆ మాట ఇంట్లో పెద్దలే కాదు, మేమూ అంటాం. ఆమధ్య తొమ్మిదేళ్ల బాబును జ్వరమని తీసుకొచ్చారు. పొట్ట చూస్తూ గజ్జ దాకా వెళితే కుడివైపు సంచి ఖాళీ. “చిన్నప్పుడు మీకే చెప్పాను కదండీ, ఆగి చూద్దామన్నారు” అంది వాళ్లమ్మ. పాత ఫైలు తీశాను. టీకాల తేదీలన్నీ ఉన్నాయి, ఆ విషయం మీద ఒక్క ముక్క లేదు. తప్పు నాదే.

‘ఆగి చూద్దాం’ అనడానికీ ఒక గడువుంది. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో సుమారు నూటికి ముగ్గురికి బీజం దిగకుండా ఉంటుంది, నెలలు తక్కువ పుట్టినవారిలో ఇంకా ఎక్కువ. చాలామందికి ఆరు నెలల్లోపే దిగిపోతుంది. ఆ తర్వాత తనంతట దిగడం అరుదు. (ముందే పుట్టిన బిడ్డకైతే, డాక్టరు మొదట చెప్పిన ప్రసవ తేదీ నుంచి ఆరు నెలలు లెక్కపెట్టాలి.) ఆపరేషన్ ఏడాదిలోపు, ఎంత ఆలస్యమైనా 18 నెలల్లోపు అయిపోవాలి. వృషణాల సంచి ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. లోపలి వేడికి, రేపు వీర్యకణాలను ఇవ్వాల్సిన కణాలు పసితనంలోనే తగ్గిపోతాయి. రెండువైపులా దిగకపోతే నష్టం మరీ ఎక్కువ.

క్యాన్సర్ మాట కూడా దాచను. స్వీడన్‌లో దాదాపు 17 వేల మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, 13 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవారికి వృషణ క్యాన్సర్ ముప్పు మామూలుకన్నా రెండింతలు దాటింది, ఆ తర్వాత అయినవారికి ఐదింతలు దాటింది. ఆ క్యాన్సర్ అసలే అరుదు కాబట్టి బెంగపడకండి, ఆలస్యం మాత్రం చేయకండి.

చాలామంది ముందు స్కానింగ్ సెంటర్‌కు పరుగెడతారు. సాధారణంగా ఆ ఖర్చు దండగ. స్కాన్‌లో కనిపించకపోతే బీజం లేదని కాదు, కనిపిస్తే ఆపరేషన్ తప్పుతుందనీ కాదు. అనుభవమున్న పిల్లల సర్జన్ చేయి చాలు. గాంధీలోనూ నీలోఫర్‌లోనూ ఆ విభాగాలున్నాయి. చేతికి అందకపోతే లాపరోస్కోపీతో వెతుకుతారు. వేడినీళ్లలో కిందికొచ్చి కాసేపు నిలిచే బీజానికి ఆపరేషన్ అక్కర్లేదు, ఏడాదికోసారి చూపిస్తే సరి. కానీ పుట్టిన బిడ్డకు రెండూ చేతికి తగలకపోతే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. అది హార్మోన్ల లోపం కావచ్చు.

“ఇంత పసివాడికి మత్తా?” అని అడుగుతారు. అడగాల్సిందే. పసితనంలో గంటలోపు మత్తు తీసుకున్న పిల్లలను ఐదేళ్ల వయసులో పరీక్షిస్తే తెలివితేటల్లో తేడా లేదని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం చెప్పింది. చేతికి తగిలే బీజాన్ని దించడానికి మామూలుగా గంట పట్టదు. చాలామంది పిల్లలు సాయంత్రానికి ఇంటికెళ్లిపోతారు.

నా ఫిర్యాదు ఒకటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే తొమ్మిది లోపాలను వెతకమన్నారు. ఆ జాబితాలో ఇది లేదు. పైసా ఖర్చులేని పరీక్ష ఇది! డైపర్ విప్పితే చాలు. కాబట్టి 14 వారాల టీకాకూ, తొమ్మిది నెలల టీకాకూ వెళ్లినప్పుడు మీరే విప్పి చూడమనండి, చూసింది కార్డు మీద రాయమనండి. డాక్టరు చిరాకు పడితే పడనివ్వండి.

ఆ బాబుకు ఆపరేషన్ అయింది. తొమ్మిదేళ్లు పైన ఉండిపోయిన బీజం ఎడమదానికన్నా బాగా చిన్నదని సర్జన్ చెప్పారు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే ప్రతి మగపిల్లాడి టీకా కార్డు మీద పెన్నుతో రెండు గళ్లు గీస్తున్నాను, కుడికొకటి, ఎడమకొకటి.