కొండమీది హోటలు, కొండకింది కల్లుదుకాణం

ఫలక్‌నుమా అనగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది కొండమీది తాజ్ హోటలే. పైగా వంశీయుడు వికారుల్ ఉమ్రా 1884లో పునాదిరాయి వేసి కట్టించుకున్న మహలు అది. తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వశమైంది. 101 మంది ఒక్కసారే కూర్చుని భోంచేయగల బల్ల అక్కడి ప్రసిద్ధ వింత. దశాబ్దాల పాటు మూతపడి, ఏళ్ళ తరబడి మరమ్మతులు జరిగాక, 2010 నవంబరులో హోటలుగా తలుపులు తెరిచింది. ఆ పునరుద్ధరణను నేను తప్పుపట్టను. పాడుబడిపోవలసిన కట్టడం బతికింది. నా పేచీ అల్లా, హైదరాబాదులో చారిత్రకమైన బస అంటే ఈ ఒక్క మహలే అని మనం సరిపెట్టుకోవడంతోనే.

వజ్రాల వ్యాపారంతో పెరిగిన నగరమిది. బంగారం కోసం 1849లో జనం కాలిఫోర్నియాకు ఎగబడడానికి రెండు శతాబ్దాల ముందే, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దాదాపు 60,000 మంది పనిచేసేవారని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఆ రాళ్ళ కోసం దేశదేశాల వర్తకులు గోల్కొండకు వచ్చేవారు. మరి వాళ్ళెక్కడ తలదాచుకునేవారు? ఈ ఊరివాళ్ళు పొద్దుగూకాక ఏం తాగేవారు?

బసకు సరాయిలుండేవి. షేక్‌పేట సరాయి, హయత్‌నగర్ మసీదు ఆవరణ చుట్టూ ఉన్న గదుల వరుసలు ఆనాటివే. తాగడానికి కల్లు ఉండేది. చీకటి పడగానే నగరంలో కల్లుదుకాణాలు తెరుచుకునేవనీ, తోలుతిత్తుల్లో కల్లు మోసుకుని రోజుకు 500, 600 గుర్రాలు పరుగున ఊళ్ళోకి వచ్చేవనీ, దానిమీది సుంకంతో రాజుకు గట్టి రాబడి ఉండేదనీ అదే టావెర్నియర్ వర్ణించాడు. అంటే గోల్కొండ ఖజానాను నింపినది వజ్రం ఒక్కటే కాదు, కల్లు కూడా. వజ్రం కథ మనకు కంఠతా వచ్చు. కల్లు కథ చెప్పుకోవడానికి మాత్రం సిగ్గు.

కాలిఫోర్నియావాళ్ళకు ఆ సిగ్గు లేదు. బంగారు గనుల ఊరైన కొలంబియాను 1945లోనే చారిత్రక ఉద్యానవనంగా ప్రకటించి, 1850ల నాటి సిటీ హోటలును కాపాడుకున్నారు. మన కొల్లూరో, పులిచింతల జలాశయం కింద మునిగింది. అక్కడి గని కూలీలు గుక్కెడు కల్లు తాగిన చోటు ఇక ఎవరికీ కనబడదు.

తాగుడుకు చరిత్ర గౌరవమేమిటి, 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో మరిచావా అని మీరు అడగవచ్చు. మరువలేదు. గుర్తుంచుకోవడం వేరు, మెచ్చుకోవడం వేరు. మహలును కాపాడినంత మాత్రాన జాగీర్దారీని మెచ్చినట్టు కాదు గదా! ఓరుగల్లు పూటకూటి ఇంటిని క్రీడాభిరామం పద్యాల్లోకి ఎక్కించింది. మన సాహిత్యానికి లేని చిన్నచూపు మన వారసత్వ జాబితాలకెందుకు?

ఈ చిన్నచూపు ప్రాణాల మీదికి కూడా వస్తుంది. నగరంలో కల్లుదుకాణాలను 2004లో మూయించారు, 2014లో మళ్ళీ తెరిపించారు. తెరిచినప్పుడు తాటిచెట్టెక్కడ, ఈతచెట్టెక్కడ, గీసేవాడెవడు అని గట్టిగా అడిగినవారు తక్కువ. చెట్టు ఇచ్చేదానికన్నా దుకాణంలో అమ్మేది ఎక్కువైతే మిగతాది మందుబిళ్ళల నీళ్ళే. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి కొందరు చనిపోయారు. అదే వారసత్వమని భావించి ఉంటే, కొండమీది గదుల నాణ్యతను చూసుకున్నంత శ్రద్ధగా కొండకింది కుండలో ఏముందో కూడా చూసుకునేవాళ్ళం.

నేను కోరేది పెద్దదేమీ కాదు. షేక్‌పేట సరాయిలో ఒక గది వజ్రాల బాటసారుల బసకూ, ఒక గది గీతకార్మికుల మోకుకూ ముస్తాదుకూ కేటాయించాలి. రాజు సుంకం వసూలు చేసుకున్న కల్లు గురించి అక్కడ ఒక పలకమీద రాయాలి. అధికారులు వినేదాకా ఆ పని మనమూ చేయవచ్చు. మీ ఊళ్ళో పాత సత్రమో, పూటకూళ్ళ ఇల్లో, ఇరానీ హోటలో, కల్లుపాకో ఉంటే, అది కూలిపోకముందే దాని గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టండి.